రెండోసారి ఎవరూ అడగడం లేదు

రోజు 1

పట్టీల ఆఫీసు వారికి తెప్పలంక నుంచి మంగవేణి రాస్తున్నది.

కొత్త పట్టీ చేతికి కట్టి, నలభై రోజులు ఎలా ఉందో రాయమన్నారు. బాగుంటే బాగుందని రాస్తాను. బాగోకపోతే ఏం రాస్తానో మీకు తెలుసు. పాత పట్టీ మీద నేను రాసిన పదకొండు పేజీలు మీ ఆఫీసులో ఇంకా చెప్పుకుంటున్నారట.

నేనెవరో తెలియని వాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి చెప్తున్నాను. నాకు నలభై నాలుగేళ్ళు. ఇరవై రెండో ఏట చెవులు పోయాయి, ముప్పయ్యో ఏటికి కళ్ళు కూడా పోయాయి. నోరు మాత్రం పోలేదు, కావాలంటే మా ఊళ్ళో ఎవర్నైనా అడగండి. మా ఊరంతా నీళ్ళ మీద తెప్పలే, మూడో వరసలో చివరి నుంచి రెండోది నాది. చిరిగిన వలలు బాగుచేస్తాను. పక్క తెప్ప నూకరత్నానిది. అందరికీ వండిపెట్టే వంటల తెప్ప ఆవిడ చేతిలోనే ఉంది. చుట్టరికం లేకపోయినా వదినా అని పిలుస్తాను.

పట్టీ సంగతి. ఎదుటివాళ్ళ మాటల్ని అది నా మోచేతి కింద ముప్పై ఆరు గుబ్బలతో నొక్కి చెప్తుంది. అందుకే మావాళ్ళు దీన్ని గిల్లుడు పట్టీ అంటారు. మాటకి ముందు మనిషి గుర్తు వస్తుంది. నూకరత్నం అయితే మణికట్టు దగ్గర చీమలు పాకినట్టు ఉంటుంది. నీళ్ళ పంపు చూసే సువర్ణరాజు గారైతే మోచేతి దగ్గర నెమ్మదిగా రెండు నొక్కులు.

పాత పట్టీతో నా బాధ ఒక్కటే. మావాళ్ళు ఏ మాటా ఒకసారి చెప్పి ఊరుకోరు. తిను, తినవే, తిను మరి అని పది గిల్లుళ్ళు. సాయంత్రానికి చెయ్యి వాచిపోయేది. చెప్పిందే చెప్పకుండా చూడండి బాబూ అని మీకు రాశాను. కొత్తదాంట్లో అనవసరమైన గిల్లుళ్ళు తగ్గించామని మీ కాగితంలో ఉంది. ఇవాళ పొద్దుట్నుంచీ చెయ్యి హాయిగా ఉంది. మొదటిసారి మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను, దాచుకోండి.

రోజు 3

ఈ సంగతి మీకు రాయాలో వద్దో తెలియదు. కానీ ఇంకెవరికి చెప్పుకోను? నూకరత్నానికి చెప్తే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలుస్తుంది.

సువర్ణరాజు గారు రెండేళ్ళ కిందట మా ఊరొచ్చారు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే పంపు ఆయన చూసుకుంటారు. యాభై దాటిన ఒంటరి మనిషి. బిందె నింపి తెచ్చి పెట్టి, "బిందె పెట్టానండి" అని చెప్పి వెళ్ళిపోతారు. రెండేళ్ళుగా రోజూ అదే మాట. ఇవాళ బిందె పెట్టాక కూడా తెప్ప ఒరిగే ఉంది. మనిషి కదల్లేదన్నమాట. కాసేపటికి మోచేతి దగ్గర రెండు నొక్కులు వచ్చాయి.

"ఏవండీ. మీకేం ఇబ్బంది లేదంటే, మన తెప్పలు రెండూ కలిపి కడదామాండీ?"

తెప్పలు కలిపి కట్టడమంటే మా ఊళ్ళో పెళ్ళి. మేళం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తాడు మాత్రం ఉండాలి.

నా చేతిలో వల జారిపోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్లలా ఒళ్ళంతా వేడెక్కింది.

"వద్దండీ" అన్నాను.

మీ నగరంలో వాళ్ళకి ఇది వింతగా ఉంటుందేమో. మా ఊళ్ళో మొదటిసారి వద్దనకపోతే మనిషి కాదు. నీళ్ళు ఊళ్ళని మింగిన కొత్తలో, ఎవరి దగ్గరా ఏమీ లేని రోజుల్లో పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి ఇది. ఒకసారి అడిగితే మర్యాదకి అడిగినట్టు. వద్దన్నాక కూడా మూడోసారి అడిగారంటే వాళ్ళ దగ్గర నిజంగా ఉందని, నిజంగా పెట్టాలనుందని. అప్పుడు తీసుకోవచ్చు. అన్నమైనా అంతే, పెళ్ళైనా అంతే. పెళ్ళి మాటైతే మూడోసారి సాక్షిని వెంటబెట్టుకుని రావాలి. దానికీ ఒప్పుకోకపోతే ఆ మాట అక్కడితో సరి. ఇక ఎవరూ ఎత్తరు. నాలుగోసారి అడిగితే అడుక్కున్నట్టు.

కాబట్టి రెండోసారి అడుగుతారు. ఎప్పుడో చూడాలి. తలకి కొబ్బరినూనె రాసుకున్నాను. దీన్ని పట్టీ పనితీరులో వేసుకోకండి.

రోజు 6

పట్టీ బాగా పనిచేస్తోంది. చేతి మీద ఎర్రదనం పోయిందని నూకరత్నం చెప్పింది.

ఆయన రోజూ బిందె తెస్తున్నారు, పెడుతున్నారు, వెళ్తున్నారు. ఈమధ్య "బిందె పెట్టానండి" అని కూడా అనడం లేదు. సిగ్గు కాబోలు.

ఇంకో సంగతి. మధ్యాహ్నం వంటల తెప్ప మీద రొయ్యల కూర. "ఇంకొంచెం ఏస్తానే?" అంది నూకరత్నం. చాల్లే వదినా అన్నాను, ఎప్పటిలాగే. ఆవిడ ఊరుకుంది. పళ్ళెం పట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఏమీ పడలేదు. చెయ్యి కడిగేసుకున్నాను.

రోజు 9

ఆకలి. నాలుగు రోజులుగా ఒక్క ముద్దకీ రెండోసారి అడిగిన పాపాన పోలేదు ఎవరూ. వేట సరిగ్గా సాగడం లేదేమో, అందరూ చెయ్యి బిగబట్టి ఉంటారు. పోనీ ఆ మాట చెప్పొచ్చుగా! అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగి పెట్టించుకోవడం నావల్ల కాదు. ఇన్నేళ్ళొచ్చాక నోరు తెరిచి ఇంకో గరిటె వెయ్యమంటానా?

ఇవాళ సాయంత్రం సువర్ణరాజు గారు వచ్చారు. బిందె లేదు. బిందె ఉంటే తెప్ప ఇంకాస్త ఒరుగుతుంది. ఎదురుగా కూర్చున్నారు. "గాలి మళ్ళిందండి" అన్నారు. అవునండీ అన్నాను. వల అల్లుతున్నట్టు నటిస్తూ ఒకే ముడిని మూడుసార్లు వేసి విప్పాను.

ఆ తర్వాత ఏమీ లేదు. పట్టీ కిమ్మనలేదు. చాలాసేపు అలాగే కూర్చుని లేచి వెళ్ళిపోయారు. తెప్ప తేలికైంది.

గాలి మళ్ళిందని చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చారా? ఆ గాలి నా మొహానికి తగలదా? ఒళ్ళు మండింది.

రోజు 14

ఈ రోజు జరిగింది రాస్తాను, మీరే చెప్పండి, తప్పు ఎవరిదో.

పొద్దున పదిన్నరప్పుడు నా తెప్ప మీదికి ఇద్దరు ఎక్కారు. మణికట్టు దగ్గర చీమలు పాకాయి. "మంగా, సువర్ణరాజు గారు నీతో ఒక మాట చెప్పాలంట. నేనిక్కడే ఉన్నానే" అంది నూకరత్నం.

సాక్షిని తెచ్చారు! రెండోసారి అడక్కుండానే మూడోసారికి సాక్షా? తొందర మనిషి, లెక్క తప్పారు అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. లెక్క తప్పినా ఫరవాలేదు, అడిగితే చాలు, ఒప్పేసుకుంటాను అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. చీర కొంగు సర్దుకుని, తలెత్తి కూర్చున్నాను.

ఒక్క గుబ్బ కదల్లేదు.

ఎదురుచూశాను. నేను ముందు నోరు విప్పితే అలుసైపోతాను కదా, అందుకని పెదవి బిగించుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ముందు ఒక బరువు దిగింది. తర్వాత రెండోది దిగింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. ఒక్క మాటైనా చెప్పకుండా!

గుడ్డిదాని ముందు, చెవిటిదాని ముందు ఇద్దరూ కూడబలుక్కుని నాటకమాడారా? ఇంత అవమానం నాకు చెవులు పోయినప్పుడు కూడా జరగలేదు. కూర్చుని ఏడ్చాను. రాస్తున్నాను, రాసుకోండి.

రోజు 17

కార్తీకం వెళ్ళాక ఎగువకి పోయే తెప్పల్ని టగ్గు వచ్చి లాక్కుపోతుంది. ఒకసారి వెళ్తే మళ్ళీ వరదలొచ్చేదాకా దారి ఉండదు, పాయలో ఇసుక మేట వేస్తుంది. ఈసారి టగ్గు ముప్పై మూడో రోజున వస్తుందట, మీ లెక్క ప్రకారం.

వెళ్ళేవాళ్ళ పేర్లలో సువర్ణరాజు గారి పేరుంది. ఎగువ ఊళ్ళో కొత్త పంపుకి మనిషి కావాలట. అక్కడే ఉండిపోతారట.

ఈ మాట నాకు అన్నం దగ్గర ఎవరో చెప్పారు. నూకరత్నం చెప్పలేదు. ఆవిడ ఈమధ్య నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. పళ్ళెం పెట్టడం, పళ్ళెం తియ్యడం. నేను చేసిన తప్పేంటి? అడుగుదామంటే నాకూ పౌరుషం ఉంది.

పోతే పొమ్మను అనుకున్నాను. అనుకున్నది నిలబడలేదు. రెండేళ్ళుగా పొద్దున లేవగానే బిందె బరువుకి తెప్ప ఒరగడం కోసమే చూస్తున్నానని ఇవాళే తెలిసింది నాకు.

రోజు 20

కాలికి దెబ్బ తగిలింది. వంటల తెప్పకి వెళ్ళే నడకబల్ల మీద ఒక పలక విరిగి ఉంది. పదకొండో రోజున నూకరత్నం చెప్పింది, "ఎడం పక్కకి నడవే" అని. ఒక్కసారి చెప్పిన మాట ఎన్నాళ్ళు గుర్తుంటుంది? ఇవాళ ఏదో ఆలోచిస్తూ నడిస్తే కాలు దాంట్లో దిగబడింది. మోకాలి కింద తోలు లేచిపోయింది.

పట్టుకుని లేపిన వాళ్ళందరి మీదా అరిచాను. మనిషి చస్తే గానీ చెప్పరా, రోజూ ఒకసారి గుర్తుచేస్తే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా అని.

నూకరత్నం అంది, "రోజూ చెప్తానే ఉన్నాం గదే. ఇందాక కూడా చెప్పాను."

పచ్చి అబద్ధం. మొహం మీదే అబద్ధం చెప్తోంది. నా కంటికి కనపడదని ఏదైనా చెప్పొచ్చనుకుంది. ఇంతకాలం ఈవిడ చేతి కూడు తిన్నాను కదా అని బాధేసింది. వదినా అనకుండా వెళ్ళిపోయాను.

పట్టీ బాగానే పనిచేస్తోంది. మనుషులే పాడైపోయారు.

రోజు 26

ఇది నెమ్మదిగా రాస్తాను.

ఇవాళ రెండో వరసలో తెప్పల కట్టింపు. పెళ్ళి భోజనం. పూర్ణాలు వేశారు. వెయ్యనా అంటే వద్దన్నాను. అంతే. విస్తరి ఖాళీ. అటు పక్కవాళ్ళు తింటున్నట్టున్నారు, బల్ల అదురుతోంది. ఇరవై రోజులుగా అర్ధాకలితో ఉన్న మనిషిని నేను. కడుపులో మంట నోట్లోకొచ్చేసింది.

"ఏం వదినా! పెళ్ళింట కూడా రెండోసారి అడగరా? నన్ను పొమ్మనలేక పొగబెడుతున్నారా? చెప్పండి, నేనూ టగ్గుకి తాడు కట్టించుకుని పోతాను!" అని కేకపెట్టాను.

మణికట్టు దగ్గర చీమలు కాదు, తేళ్ళు పాకాయి.

"ఏటే నువ్వు మాట్టాడేది? ఆ పెద్దమనిషిని ముమ్మారూ అడిగించుకుని రాయిలా కూచున్నావ్. నీ మూలాన ఊరొదిలి పోతన్నాడాయన. పూర్ణాలు కావాలంటావేటే ఇప్పుడు?"

"ఎవరు? ఎవర్ని ముమ్మారు అడిగారు?"

"నిన్నేనే! మూడోసారికి నేను సాక్షిని కాదా? నా కళ్ళ ముందే గదా అడిగాడు!"

"ఒక్కసారే అడిగారు వదినా. మూడో రోజున. ఒక్కసారే."

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. నా కుడిచెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. పట్టీలు రాకముందు తొమ్మిదేళ్ళు మేమలాగే మాట్లాడుకున్నాం. గొంతు మీద చెయ్యి పెడితే మాట కదలడం తెలుస్తుంది. అర్థం కాకపోతే అరచేతిలో వేలితో రాసేది.

గొంతు కదిలింది. పట్టీ గిల్లింది. "పులిహోర ఏసుకుంటావే?"

"వద్దు" అన్నాను.

గొంతు మళ్ళీ కదిలింది, అచ్చం అలాగే. పట్టీ కదల్లేదు.

గొంతు మూడోసారి కదిలింది. పట్టీ కదల్లేదు.

పట్టీ ఊడబీకేశాను. నూకరత్నం నా అరచేతిలో పెద్ద పెద్ద అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. అంత కోపంలోనూ రాసిన మొదటి మాట ఇది: ముందు తిను.

ఆరు పూర్ణాలు తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను.

రోజు 27

మీ ఆఫీసుకి కబురు పెట్టాను. షహనాజ్ అనే అమ్మాయి జవాబిచ్చింది. మీ మనిషే కాబట్టి మీకు తెలిసిందే, అయినా రాస్తాను, మళ్ళీ మళ్ళీ చదవండి.

ఎవరైనా ఒకసారి చెప్పిన మాటే మళ్ళీ చెప్తే కొత్త పట్టీ దాన్ని పక్కన పెడుతుందట. ఒకసారి జవాబైపోయిన ప్రశ్న మళ్ళీ వస్తే, ఆ ప్రశ్ననీ దాని వెంట ఉన్న మాటల్నీ కలిపి పక్కన పెడుతుందట. నలభై రోజుల దాకా గుర్తుపెట్టుకుంటుందట. నాకు ఒక్క మాట చెప్పకుండా!

"ఈ ఏర్పాటు మీ లేఖ చూశాకే పెట్టామమ్మా" అంది ఆ పిల్ల. చదివి వినిపించింది కూడా. చెప్పిందే చెప్పకుండా చూడండి బాబూ.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నా పదకొండు పేజీలే నన్ను తిన్నాయి.

"ఆపెయ్యడానికి మీట ఉందా?"

"లేదమ్మా. కొత్తగా రాసి పంపాలి. రెండు వారాలు పడుతుంది." మళ్ళీ తనే, "మా ఇంట్లో నానమ్మ కూడా మూడుసార్లు అడిగితే గానీ టీ తాగదమ్మా. నాకు ఆలోచన రావాల్సింది" అంది.

పిల్ల మంచిది. ఆమెని ఏమీ అనకండి. పక్కన పెట్టిన మాటలు పారెయ్యలేదట, పట్టీలోనే ఉన్నాయట. పంపమన్నాను.

రోజు 28

నాలుగు వందల పన్నెండు మాటలు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చుని అన్నీ చదివించుకున్నాను. ఇన్నాళ్ళూ రాని గిల్లుళ్ళన్నీ ఒక్కసారే తీర్చుకున్నట్టు చెయ్యి వాచిపోయింది. వాచనీ.

ఇంకొంచెం ఏస్తానే. ఏసుకోవే మంగా. చిక్కిపోతన్నావే, ఒక్క ముద్ద. ఎడం పక్కకి నడవే. ఎడం పక్కకి నడవమ్మా. ఇది వరసలో ఉన్న పిల్లలు కూడా చెప్పారు, ముసలి వాళ్ళు కూడా చెప్పారు. నా కాలు దిగబడిన రోజున ఇద్దరు చెప్పారు. నూకరత్నం అబద్ధం చెప్పలేదు. బిందె పెట్టానండి, బిందె పెట్టానండి, ఇరవై రెండు సార్లు. మనిషి సిగ్గుపడి మానెయ్యలేదు, రోజూ చెప్తూనే ఉన్నారు. వినడానికి నేనే లేను అక్కడ.

తర్వాత తొమ్మిదో రోజు సాయంత్రం. మోచేతి దగ్గర రెండు నొక్కులు.

"మీరు వద్దన్నారు. మళ్ళీ అడుగుతన్నానండి. తెప్పలు కలిపి కడదామాండీ? తొందరేం లేదు, ఆలోచించుకోండి."

పద్నాలుగో రోజు.

"నాకు మాటలు రావండి. పంపు చెడిపోతే బాగుచేస్తాను గానీ ఇలాటివి చేతకాదు. మీ తెప్ప మీద బిందె పెట్టినాక నాకు దిగబుద్ధి కాదండి. అంతేనండి. తెప్పలు కలిపి కడదామాండీ?"

దాని కింద నూకరత్నం. "చెప్పవే మంగా. చెప్పవే." తర్వాత నాలుగు నిమిషాలు ఎవరూ ఏమీ మాట్లాడలేదని పట్టీ లెక్క రాసుకుంది. తర్వాత ఆయన, "సరేనండి. వత్తానండి."

ఆ నాలుగు నిమిషాలూ నేను తలెత్తుకుని, పెదవి బిగించుకుని, కొంగు సర్దుకుని కూర్చున్నాను. మౌనం అర్ధాంగీకారమంటారు. పాపం ఆయన మిగతా సగం కోసం నాలుగు నిమిషాలు నిలబడ్డారు.

నూకరత్నం తెప్ప మీదికి వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను. నా చేతిలో రాసింది: కాళ్ళు కాదు, బుర్ర ఉపయోగించు. టగ్గుకి ఐదు రోజులే ఉంది.

రోజు 29

సువర్ణరాజు గారు ఊళ్ళో లేరు. ఎగువ పంపు చూడటానికి చిన్న పడవ మీద వెళ్ళారు, టగ్గు రోజు పొద్దున తన తెప్ప కోసం వస్తారట. కబురు పంపుదామంటే, ఇలాంటిది ఎవరి నోట పంపగలం?

నూకరత్నం, నేను పొద్దంతా వాదులాడుకున్నాం, అరచేతుల మీదే. పాత రోజుల్లాగే వేలితో గట్టిగా గీసి గీసి తిట్టింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

"ఆయన నాలుగోసారి అడుగుతారా?" అన్నాను.

చచ్చినా అడగడు, అని రాసింది.

"మాట మూసేశారు కదా. ఇప్పుడు నేనెలా ఎత్తను?"

ఆయన అడిగిన మాట మూసేశారు. నువ్వడిగే మాట ఇంకా తెరవలేదుగా, అని రాసింది. ఆడది అడక్కూడదని ఎవడన్నాడే?

ఎవరూ అనలేదు. అయినా భయంగా ఉంది. మూడుసార్లు అడిగి రాయిని చూసి వెళ్ళిన మనిషి మనసు విరిగిపోయి ఉండదా? ఎగువ ఊరు నచ్చి ఉండొచ్చు కదా?

అన్నట్టు, ఆఫీసు వారూ, పట్టీని విసిరికొట్టలేదు. నడిచేటప్పుడు కట్టుకుంటున్నాను, కొత్తవాళ్ళు పలకరిస్తే అదే దిక్కు. నాకు అది కావాలి. కాకపోతే మనుషులు ఎన్నిసార్లు ఏం చెప్పినా అన్నిసార్లూ చెప్పాలి. చెయ్యి వాస్తే నూనె రాసుకుంటాను. పాత లేఖ కొట్టేసి దీన్ని పెట్టుకోండి.

రోజు 33

టగ్గు తెల్లవారగానే వచ్చింది. ఇంజను అదురు ఊరంతా పాకింది, నడకబల్లల్లోంచి నా అరికాళ్ళకి తెలుస్తోంది. నూకరత్నం భుజం పట్టుకుని ఆరు వరసలు దాటాను. దక్షిణపు కొసన ఆయన తెప్ప. అప్పటికే పక్కవాళ్ళ ముడులు విప్పేస్తున్నారు.

పట్టీ తీసి నూకరత్నం నడుముకి కట్టాను. ఎందుకంటే ఆయన మొదట కాదంటారని నాకు తెలుసు. అనాలి కూడా. రెండోసారి కాదంటే పట్టీ అది నాకు చెప్పదు. ఈసారి ఒక్క మాట కూడా పోగొట్టుకోదలుచుకోలేదు.

ఆయన తెప్ప మీదికి ఎక్కాను. ఆయన నా ముందున్నారని గ్రీజు వాసనని బట్టి తెలిసింది. పరాయి మగవాడు ఆడదాని చెయ్యి పట్టుకోవడం మా ఊళ్ళో తప్పు. కాబట్టి నేనే కుడిచెయ్యి చాపాను, అరచెయ్యి పైకి పెట్టి. ఇందులో రాయడం ఆయనకి వచ్చో రాదో తెలియదు. పట్టీలొచ్చాక వచ్చిన మనిషి.

"సువర్ణరాజు గారూ, మీరు అడిగినవి మొన్న అందాయి నాకు. మొదటిది తప్ప మిగతావి పట్టీ నాకు చెప్పలేదు. నూకరత్నం వదినని అడగండి. ఆ రెండుసార్లూ నేను రాయినయ్యాను. ఇప్పుడు నేను అడుగుతున్నాను. మన తెప్పలు కలిపి కడదామాండీ?"

చాలాసేపు ఏమీ లేదు. చెయ్యి చాపి అలా నిలబడటం ఎంత కష్టమో నాకు ఇవాళ తెలిసింది. ఆయన ఆ రోజు నాలుగు నిమిషాలు నిలబడ్డారు.

తర్వాత అరచేతి మీద ఒక వేలు వాలింది. స్క్రూడ్రైవరంత గట్టి వేలు. ఒక్కో అక్షరాన్నీ బడిపిల్లాడిలా దిద్దుకుంటూ రాసింది.

వద్దండి.

పద్ధతి అని తెలిసినా గుండె గుభేలుమంది. నిజంగానే వద్దన్నారేమో! ఆయన మొహం నాకు కనపడదు, గొంతు వినపడదు. ఆ మూడక్షరాలే ఉన్నాయి నా చేతిలో. తెప్ప కొస వైపు దబ్బుమని ఏదో పడింది. టగ్గు వాళ్ళు తాడు విసిరినట్టున్నారు.

అప్పుడు వేలు మళ్ళీ కదిలింది. నూకరత్నం గారు రాయడం నేర్పారు. మూడోసారి అడిగి వచ్చేశాక. ఎప్పటికైనా పనికొస్తుందని.

నోరు పెగల్లేదు కాసేపు. నా నోరు పెగలకపోవడం తెప్పలంక చరిత్రలో మొదటిసారి.

"కలిపి కడదామాండీ?" అన్నాను. రెండోసారి.

తెప్ప ఒక్క కుదుపు కుదిపింది. తాడు బిగుస్తోంది. పడిపోబోతే ఆయన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నారు, పద్ధతీ గిద్ధతీ లేకుండా. వేలు గబగబా పరిగెత్తింది, అక్షరం మీద అక్షరం పడిపోతూ.

వద్దండి. తొందరగా మూడోది అడగండి, టగ్గు లాగేస్తంది.

సాక్షి పక్కనే ఉంది. అడిగాను.